కేదార్‌కంఠ మంచులో మా జాకెట్లు

జనవరిలో మా బావగారు, నేను ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కి వచ్చాము. సుమారు 12,500 అడుగుల ఎత్తున్న ఆ శిఖరానికి వెళ్లాలంటే డెహ్రాడూన్ నుంచి దాదాపు పగలంతా జీపులో ప్రయాణించి సాంక్రీ అనే ఊరు చేరుకోవాలి. హైదరాబాదు చలికి ఒక స్వెట్టరుతో సరిపెట్టుకునే మాకు ఆ మంచుకు ఏ బట్టలు పనికొస్తాయో తెలియదు కనుక, ఆయన పేరున్న విదేశీ కంపెనీ జాకెట్టు కొన్నారు. నేను డెకాథ్లాన్‌లో బాతు ఈకలు నింపిన పల్చటి డౌన్ జాకెట్టు, దానిపైకి ఒక వాన కోటు తీసుకున్నాను. నావి రెండూ కలిపినా ఆయన పెట్టిన ధరలో సగం కాలేదు.

దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర గుడారాల్లో దిగిన సాయంత్రం తడి మంచు కురిసింది. బావగారి జాకెట్టు బట్ట మీద నీటి బొట్లు నిలవకుండా జారిపోతున్నాయి గానీ, భుజం కుట్టు వెంట మాత్రం తడి లోపలికి దిగింది. తిప్పి చూస్తే, సూది దిగిన రంధ్రాలను మూయడానికి కుట్టు మీద అతికించిన సన్నని పట్టీ అంగుళం మేర ఊడిపోయి ఉంది. అంత ఖరీదు పెట్టిన వస్తువులో అది క్షమించదగిన లోపం కాదు. కొనేవారు కంపెనీ పేరు కన్నా ముందు జాకెట్టును తిరగేసి ఆ పట్టీని వేలితో తడిమి చూడాలి. నా డౌన్ జాకెట్టుకు ఉన్న బలహీనత వేరు: బాతు ఈకలు పొంగి గాలిని పట్టి ఉంచినంతసేపే వెచ్చగా ఉంటాయి, తడిస్తే ముద్దకట్టుకుపోతాయి, అందుకే దాన్ని వాన కోటు కింద భద్రంగా ఉంచుకున్నాను. తోటి ప్రయాణికుడొకరు తన కొలంబియా జాకెట్టు లోపల, ఒంటి వేడిని తిరిగి ఒంటికే మళ్లించే వెండి చుక్కల లైనింగు చూపించారు. గుడారంలో కదలకుండా కూర్చునేవారికి అది మంచి ఏర్పాటే.

అయితే ఎక్కేటప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టింది చలి కాదు, చెమట. చెమటను పీల్చుకుని త్వరగా ఆరని నూలు బనియనుతో బయలుదేరిన బావగారు మొదటి విరామానికే వణకసాగారు. మెరినో ఉన్ని బనియను వేసుకున్న నాకు ఆ బాధ లేదు. డబ్బు పరిమితంగా ఉంటే లోపలి బనియను, బూట్లు మంచివి కొనుక్కుని, బరువైన జాకెట్టు, బూట్లలోకి మంచు దూరకుండా కాళ్లకు చుట్టే గెయిటర్లు, జారకుండా బూట్ల కింద తొడిగే ముళ్ల మైక్రోస్పైకులు సాంక్రీలోనే అద్దెకు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

శిఖరానికి బయలుదేరిన తెల్లవారుజామున దళసరి చేతి తొడుగులతో మా ఇద్దరికీ జిప్పు పట్టు దొరకలేదు. గైడు తన సంచిలోంచి రెండు తాడు ముక్కలు తీసి జిప్పులకు ముడివేసి ఇచ్చాడు. అవి ఇప్పటికీ వాటికే ఉన్నాయి.