స్కూల్ డిబేటా, వరల్డ్ స్కూల్సా: పిల్లల్ని ఎందులో పెడితే మేలు?

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పిల్లలకు డిబేట్ నేర్పుతుంటాను కాబట్టి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: స్కూళ్లలో ఎప్పటినుంచో జరిగే మామూలు డిబేట్ పోటీలు సరిపోతాయా, లేక వరల్డ్ స్కూల్స్ అనే అంతర్జాతీయ డిబేట్ పద్ధతిలో చేర్పించాలా అని. నా మాట ముందే చెప్పేస్తాను. ఎనిమిదికి వచ్చారంటే వరల్డ్ స్కూల్సే. అంతకన్నా చిన్నవాళ్లకు మామూలు డిబేట్ మంచిది, అదీ ఒక షరతు మీద.

మామూలు డిబేట్ అందరికీ తెలిసిందే. టాపిక్ ముందే ఇస్తారు, అనుకూలమో వ్యతిరేకమో ఎంచుకుంటారు, స్టేజీ ఎక్కి మూడు నాలుగు నిమిషాలు మాట్లాడి దిగుతారు. మేలు లేదనను. మైకు చూస్తే కాళ్లు వణికే పిల్లకు ఆ భయం పోవాలంటే ముందు తయారుగా ఉన్న మాటలు కావాలి, గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ ఆగాలో అక్కడే అలవాటవుతుంది. కానీ చాలాసార్లు జరిగేదేమిటంటే టీచరో నాన్నో స్పీచ్ రాసిస్తారు, పిల్ల బట్టీ పడుతుంది, తనకంటే ముందు మాట్లాడినవాడు ఆ పాయింటునే చిత్తుగా కొట్టేసి వెళ్లినా తను మాత్రం రాసుకొచ్చిందే అప్పజెబుతుంది. దాన్ని వాదన అనలేం. నా షరతు అందుకే: పెద్దవాళ్లు రాసివ్వకూడదు. వచ్చీరాని నాలుగు ముక్కలైనా సరే, పిల్లల సొంతవే కావాలి.

వరల్డ్ స్కూల్స్‌లో బట్టీతో నెట్టుకురావడం కుదరదు. 1988లో ఆస్ట్రేలియాలో మొదలైన ప్రపంచ స్కూళ్ల డిబేట్ పోటీల పద్ధతి ఇది, 2019లో బ్యాంకాక్‌లో మన దేశం పిల్లలే గెలిచారు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు, ఆఖర్లో జట్టుకో 4 నిమిషాల రిప్లై. కొన్ని మోషన్లు, అంటే వాదించాల్సిన టాపిక్‌లు, ముందే చెబుతారు, కొన్నింటికి ఒక్క గంటే టైమ్. 8 నిమిషాల్లో మొదటిదీ చివరిదీ వదిలేస్తే మధ్యలో ఎప్పుడైనా అవతలివాళ్లు లేచి ప్రశ్న వేయొచ్చు. అవధానం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: అప్రస్తుత ప్రసంగి అడ్డుపడితే అవధాని అతనికి జవాబిచ్చి, పద్యాన్ని ఆపిన చోటి నుంచే అందుకుంటాడు చూడండి, అలాంటి నిబ్బరం కావాలి, పైగా ఇక్కడ అడిగేది టాపిక్ మీదే కాబట్టి నవ్వించి తప్పించుకోలేం. మార్కులు 100లో విషయానికి 40, చెప్పే తీరుకు 40, వ్యూహానికి 20. అవతలివాళ్ల అసలు వాదనను పట్టుకున్నాడా, చిల్లర పాయింట్ల వెంట పడ్డాడా అన్నది ఆ 20లో తేలుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చేది, ఏ పక్షం వస్తుందో పిల్లల చేతిలో ఉండకపోవడం. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఫ్రీ అయ్యాక అదే టాపిక్ మీద ప్రాక్టీస్ పెట్టాను. తొమ్మిదో తరగతి అమ్మాయి, వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, ఇంట్లో రోజూ గిరాకీ పడిపోయిందన్న మాటే వింటోంది, ఆ అమ్మాయికే అనుకూల పక్షం వచ్చింది. సార్, మార్చండి అంది. మార్చలేదు. మీ నాన్న బాధ ముందు నువ్వే పూర్తిగా చెప్పమ్మా, ఆయన విన్నా 'అవును, ఇదే' అనాలి, ఆ తర్వాత జవాబివ్వు అన్నాను. శాస్త్ర చర్చల్లో పూర్వపక్షం అంటే అదే కదా. ఆ రోజు ఆటోవాళ్ల కష్టాన్ని వ్యతిరేక పక్షంవాళ్లు కూడా అంత బాగా చెప్పలేకపోయారు. చెప్పాక, ఆ నష్టం ప్రభుత్వం తీర్చాలి గానీ కూలికెళ్లే ఆవిడ దగ్గర ఛార్జీ వసూలు చేసి తీర్చకూడదు అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే పిల్లలకు దీనికి మించిన మందు నాకు కనబడలేదు.

ఇబ్బంది లేకపోలేదు. పోటీలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే, దాంతో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు నోరు విప్పడానికే జంకుతారు. నేను గంట ప్రిపరేషన్‌లో మొదటి అరగంట తెలుగులోనే వాదించుకోమంటాను, వాదన తేలాక ఇంగ్లిష్‌లో చెప్పడం వాళ్లనుకున్నంత కష్టం కాదు. ఖరీదైన ఆన్‌లైన్ కోచింగ్ కూడా మొదట్లోనే అక్కర్లేదు, ఆరుగురు పిల్లలు, ఓపికున్న టీచరు, ఫోన్‌లో టైమర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. బ్రిటిష్ పార్లమెంటరీ అనే ఇంకో డిబేట్ పద్ధతి గురించీ అడుగుతుంటారు, నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు, ప్రిపరేషన్‌కు 15 నిమిషాలు. దాన్ని కాలేజీకి వెళ్లాక చూసుకోవచ్చు.

మీ స్కూలు మామూలు డిబేట్‌కే పంపిస్తుందంటే దిగులు పడకండి. పోటీకి రెండు రోజుల ముందు పిల్ల చేతిలో కాగితం తీసేసుకుని, ఎదుటి పక్షం వాదించమనండి, మధ్యమధ్యలో మీరు ప్రశ్నలు వేయండి. మర్నాడు మళ్లీ తన పక్షానికి వచ్చినప్పుడు ఏ పాయింట్లు తనంతట తనే కొట్టేసుకుందో చూడండి.