తెర వెనుక యార్డు ఉన్న ఇల్లు

మా నమూనా రైళ్ల క్లబ్బు ఈసారి వెళ్లింది ఒక ఔత్సాహికుడి ఇంటికి. కింది అంతస్తు మొత్తం ఆయన లేఅవుట్‌దే, అంటే పట్టాలు, స్టేషన్లు, కొండలతో కట్టిన నమూనా రైలు మార్గానిదే. హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు కిలోమీటరు దూరం ఇక్కడ పదకొండున్నర మీటర్లకు కుదించుకుపోతుంది. అయినా ఒక స్టేషన్‌లో బయలుదేరిన బండి తర్వాతి స్టేషన్ చేరేసరికి నిజంగా ప్రయాణం చేసినట్టే ఉంటుంది. ఇళ్లలో కట్టిన లేఅవుట్లలో ఈ గుణం అరుదు.

ప్రయాణం, బస గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. గదులు సాదాసీదావి, ఆ ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర. మాకు అంతకంటే అక్కర్లేదు.

లైను గోడల వెంట రెండు అంచెల్లో సాగుతుంది. కింది అంచె నుంచి పైకి బండి ఎక్కేది హెలిక్స్ మీద, మెట్లు లేని గుండ్రటి దారిలో. వ్యాసార్థం 75 సెంటీమీటర్లు, వాలు రెండు శాతం. ఒక చుట్టు 4.7 మీటర్లు కాబట్టి చుట్టుకు దక్కే ఎత్తు తొమ్మిదిన్నర సెంటీమీటర్ల లోపే. చెక్క, పట్టా మందం అందులో పోగా మిగిలిన సందులోంచే బండి దూరాలి. చోటు ఆదా చేద్దామని చుట్టు బిగిస్తే వాలు పెరిగి, పొడవైన గూడ్సుకు ఇంజన్ చక్రాలు జారతాయి. ఆయన ఆ కక్కుర్తి పడలేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కొండ బొమ్మ గీసిన తెర వెనుక దాక్కున్న యార్డు. వంతు వచ్చేదాకా బళ్లన్నీ అక్కడే నిలుస్తాయి. ఏ లైనులో బండి ఉందో అది పట్టాల నుంచి లాగే కరెంటును బట్టి తెలిసిపోతుంది, ప్యానెల్ మీద దీపం వెలుగుతుంది. నడిపేది డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో: ప్రతి ఇంజన్‌లో ఆజ్ఞలు అందుకునే చిన్న సర్క్యూట్, అంటే డీకోడర్, దానికో నంబరు. కరెంటూ ఆజ్ఞలూ ఒకే పట్టాల మీదుగా వెళ్తాయి కాబట్టి ఒకే లైనులో రెండు ఇంజన్లను వేర్వేరు వేగాలతో నడపవచ్చు.

బండి నడపడానికి మాకూ చేతి కంట్రోలర్లు ఇచ్చారు. లేఅవుట్ గడియారం నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది, పావుగంటకే అక్కడ గంట గడుస్తుంది. ఏ వ్యాగన్ ఏ సైడింగుకు (పక్క లైనుకు) చేరాలో కార్డు మీద ఉంటుంది. ఒక చిన్న యార్డులో షంటింగ్ చేస్తుంటే వెనుక ప్యాసింజర్ బండి సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. బళ్ల రాకపోకలు చూసే సీట్లో ఉన్న మా అధ్యక్షుడి విసుగు గదంతా వినిపించింది. హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ అనే నమూనా రైళ్ల ప్రదర్శన కూడా హెచ్‌ఓనే, వైభవంలో దానితో పోటీ లేదు. కానీ అక్కడ మనం ప్రేక్షకులం, ఇక్కడ ఉద్యోగులం.

లోపాలు లేకపోలేదు. పై అంచె నీడ పడి కింది అంచె మసకగా ఉంది. అంత శ్రద్ధగా నిలబెట్టిన గడ్డి సగం కనిపించదు. నడవలో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాలి. మధ్య భాగానికి వెళ్లాలంటే బల్ల కింద వంగి దూరాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు బయటి అంచు దగ్గరే ఆగిపోయారు. పైన ఒక మూల ఇంకా ఉత్త ప్లైవుడ్డే, అది నాకు లోపంగా తోచలేదు. వైరింగు ఎలా వేశారో అక్కడే బాగా అర్థమైంది.

వెళ్లాలనుకునే క్లబ్బులు చిన్న జట్లుగా విడిపోవడం మంచిది. చూపించే రోజా, నడిపించే రోజా అన్నది ముందే అడగండి. పిల్లలతో వెళ్లేవారికి మొదటిదే హాయి.