కాగితమా, కిండిలా, ఫోనా: ఏది మేలు?

"పుస్తకాలు చదివే రోజులు పోయాయండీ" అని వాపోయేవాళ్లు కూడా రోజంతా ఏదో ఒకటి చదువుతూనే ఉంటారు. మెసేజీలు, వార్తలు, పోస్టులు, వాటి కింద తగువులు. తగ్గిందల్లా ఒకే పుస్తకం పట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చోవడం. ఒక మనిషి ఏళ్ల తరబడి ఆలోచించి రాసినదాన్ని మూడు వందల పేజీలు వెంబడించి చదవడంలో ఉన్న లాభం ముక్కలు ముక్కలుగా చదివితే రాదు. అందుకే అచ్చు గొప్పదా తెర గొప్పదా అని వాదించుకునే ముందు, మనల్ని చివరి పేజీ దాకా వెళ్లనిచ్చేది ఏదో చూసుకోవాలి.

ఆ లెక్కన ఫోన్‌ని ముందే పక్కన పెట్టేయొచ్చు. తెర చిన్నది, కళ్లు లాగుతాయి అన్నవి చిన్న ఇబ్బందులే. అసలు చిక్కేమిటంటే పుస్తకం ఉన్న చోటే మిగతా ప్రపంచమంతా ఉంటుంది. నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోదా అంటారు. ఆపేసినా చెయ్యి ఊరుకోదు. కథ కాస్త నెమ్మదించగానే బొటనవేలు ఇంకో యాప్ మీదికి పోతుంది. నెమ్మదిగా సాగే పేజీలు ఏ పుస్తకంలోనైనా తప్పవు, మంచి పుస్తకంలో మరీను. వాటిని దాటడానికి కావాల్సిన ఓపికను ఫోన్ మిగల్చదు. క్యూలో నిలబడ్డప్పుడు ఒక కవితో చిన్న కథో చదువుకోవడానికి మాత్రం అదే నయం, ఎప్పుడూ జేబులో ఉండేది అదే కాబట్టి.

ఇక అసలు పోటీ కాగితానికీ, పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడర్ అనే పరికరానికీ. ఈ-రీడర్ అంటే ఇంకో రకం ట్యాబ్లెట్ అనుకుంటారు చాలామంది. రెండింటి తెరలకూ పోలికే లేదు. 2004లో సోనీ జపాన్‌లో అమ్మిన లిబ్రియే అనే ఈ-రీడర్‌లో, 2007లో అమెజాన్ తెచ్చిన కిండిల్‌లో వాడింది ఈ-ఇంక్ తెర. కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో విద్యుదావేశం ఉన్న నల్ల, తెల్ల రేణువులుంటాయి. ఏవి పైకి తేలితే అక్కడ ఆ రంగు. పేజీ మారేటప్పుడు తప్ప ఆ తెరకు కరెంటు అక్కర్లేదు, అందుకే ఒకసారి చార్జ్ చేస్తే వారాలు వస్తుంది. కాగితం మీద పడ్డట్టే బయటి వెలుతురు దాని మీద పడి మన కంటికి చేరుతుంది. ఎండలో ఫోన్ వెలవెలబోతే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది.

రాత్రిపూట తెర మీద చదివితే నిద్ర పాడవుతుందన్న మాట దీనికీ అంటగడుతుంటారు. 2014 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐప్యాడ్ మీద చదివినవాళ్లకు అచ్చు పుస్తకం చదివినప్పటికన్నా నిద్ర పట్టడం సుమారు 10 నిమిషాలు ఆలస్యమైంది. పాల్గొన్నది 12 మందే. పైగా అది కాంతి వెదజల్లే తెర, రోజూ నాలుగు గంటలు చదివించారు. ఆ ఫలితం చూపించి ఈ-ఇంక్‌ని తిట్టడం అన్యాయం.

అర్థం చేసుకోవడం, గుర్తుండటం దగ్గరికొస్తే విషయం అంత తేలిక కాదు. 2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలను, అంటే 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను, స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిపి చూసి 2018లో ప్రచురించారు. మొత్తం మీద కాగితం మీద చదివినవాళ్లకే విషయం కాస్త మెరుగ్గా అర్థమైంది. సమాచారం చెప్పే పాఠాల్లో ఆ తేడా కనిపించింది, కథల్లో కనిపించలేదు. ఇంత టైమ్‌లో ముగించాలని గడువు పెట్టి చదివించినప్పుడు ఇంకా పెరిగింది. నన్ను ఆపిన సంగతి ఇంకొకటుంది. తెరలకు అలవాటు పడేకొద్దీ ఈ తేడా తగ్గిపోవాలి కదా? ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది! తెర మీద చదివేటప్పుడు అర్థమైపోయిందని తొందరగా అనిపిస్తుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. గబగబా కళ్లు పరిగెత్తించే అలవాటును మనమే పోస్టుల దగ్గర నేర్చుకుని పుస్తకాల దాకా మోసుకొస్తున్నామని నా అనుమానం.

సరే, ఈ-రీడర్ సంగతి? నార్వే పరిశోధకురాలు ఆన్ మాంగెన్ బృందం 50 మందికి ఒకే పొడుగాటి కథ ఇచ్చింది, సగం మందికి కిండిల్‌లో, సగం మందికి అచ్చులో. 2019లో ఫలితాలు వచ్చాయి. చాలా ప్రశ్నల్లో ఇద్దరూ సమానమే. కానీ ఏ సంఘటన ఎప్పుడు జరిగింది, దేని తర్వాత ఏది అని అడిగేసరికి కిండిల్ వాళ్లు వెనకబడ్డారు. ఇది నమ్మబుద్ధేస్తుంది. అచ్చు పుస్తకంలో ఎంత చదివామో, ఎంత మిగిలిందో చేతికి తెలుస్తుంది. ఫలానా మాట ఎడమ పేజీలో కింద ఎక్కడో ఉందని కూడా గుర్తుంటుంది. ఈ-రీడర్‌లో అక్షరాలు పెద్దవి చేస్తే పేజీలే మారిపోతాయి, కింద 43 శాతం అని అంకె మిగులుతుంది. ఆ అంకె దేన్నీ గుర్తుచేయదు.

కాబట్టి పరీక్షకు చదివేవి, పటాలు, పట్టికలు ఉన్నవి, పదిసార్లు వెనక్కి తిప్పాల్సినవి కాగితం మీదే. చిన్నపిల్లల పుస్తకాలూ అంతే. స్వీడన్ ప్రభుత్వం 2023లో బడుల్లో మళ్లీ అచ్చు పాఠ్యపుస్తకాలకు ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది. నవలలు, జీవిత చరిత్రలు, ముఖ్యంగా ఒళ్లో పెట్టుకుంటే తిమ్మిరెక్కించే లావు పుస్తకాలు ఈ-రీడర్‌కి వదిలేయొచ్చు. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు అక్షరం పెద్దది చేసుకునే సౌకర్యం ఒక్కటి చాలు, పైన చెప్పిన పరిశోధనలన్నీ పక్కన పెట్టేయొచ్చు. చదవలేని అచ్చుకన్నా చదవగలిగే తెర మేలు.

ఆడియో పుస్తకాన్ని ఈ పోటీలోకి తేవాలని నాకు లేదు. నడుస్తూ కథ వినడానికి హాయిగా ఉంటుంది, చిక్కు వాదనలున్న పుస్తకమైతే వెనక్కి వెళ్లి వెతుక్కోవడం నరకం. చూపు లేనివాళ్లకు మాత్రం అది వాళ్ల పుస్తకమే. వాళ్ల కోసం 1930ల్లోనే గ్రామఫోన్ రికార్డుల మీద పుస్తకాలు చదివించి పంపేవారు.

ఈ-పుస్తకం విషయంలో నాకు నిజంగా గుచ్చుకునేది సొంతదారు ఎవరన్న ప్రశ్న. 'కొనండి' అన్న బటన్ నొక్కినా చాలా దుకాణాల్లో మనకు దక్కేది చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో హక్కుల తగువు వల్ల అమెజాన్ కొందరు కొనుక్కున్న పుస్తకాలను వాళ్ల కిండిల్‌లోంచి చెప్పాపెట్టకుండా తీసేసింది. వాటిలో ఒకటి జార్జ్ ఆర్వెల్ '1984', అంటే ప్రభుత్వం గిట్టని రాతలన్నిటినీ చెరిపేసే కథ! తర్వాత కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు తిరిగిచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. అచ్చు పుస్తకాన్ని దుకాణం మూతపడినా ఎవరూ వచ్చి పట్టుకెళ్లరు. స్నేహితుడికి ఇవ్వొచ్చు, పాతపుస్తకాల వాళ్లకి అమ్మొచ్చు. తిరిగి రాకపోతే తిట్టుకోనూ వచ్చు.

అలాగని కాగితం శాశ్వతమేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉండి, పేజీలు పసుపెక్కి ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. అలాంటి పాత పుస్తకాలకు డిజిటల్ ప్రతే ప్రాణం పోస్తోంది. 1971లో మైకేల్ హార్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే డిజిటల్ గ్రంథాలయంలో ఇప్పుడు 70,000కు పైగా పుస్తకాలు ఉచితం, కాపీ చేసుకోకుండా ఆపే తాళాలేమీ లేకుండా. కాపీరైట్ తీరిన పుస్తకానికి ఈ-రీడరే మేలని అక్కడ నేను సందేహించను.

మైక్రోసాఫ్ట్ దుకాణం మూతపడ్డప్పుడు, మార్జిన్లలో నోట్సు రాసుకున్నవాళ్లకు ఆ నోట్సు పోయినందుకు అదనంగా 25 డాలర్లు జమ చేశారు. పుస్తకమైతే మళ్లీ కొనుక్కోవచ్చు, మన రాతలు ఎక్కడా దొరకవు. కిండిల్‌లో గీసుకున్న వాక్యాలు, రాసుకున్న మాటలు 'మై క్లిప్పింగ్స్' అన్న టెక్స్ట్ ఫైల్‌లో చేరుతుంటాయి. కంప్యూటర్‌కి కలిపి ఆ ఒక్క ఫైల్‌ని అప్పుడప్పుడు కాపీ చేసి పెట్టుకోండి.