వర్డ్‌ప్రెస్ ఆటో అప్‌డేట్: పచ్చళ్ళ షాపు సైటులో చాలాకాలం వాడాక

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ల (సైటుకు అదనపు పనులు జోడించే ప్రోగ్రాముల) ఆటో అప్‌డేట్ అంటే నాకు ప్రాణం. 2020లో వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్‌తోనే వచ్చినా, ధైర్యంగా ఆన్ చేసి వదిలేయగలిగింది మాత్రం 2024లో 6.6 వచ్చాకే. అప్‌డేట్ అయిన ప్లగిన్ వల్ల పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రర్ (సైటు కోడ్‌ను నడవనివ్వకుండా ఆపేసే తప్పు) వస్తే, పాత వెర్షన్‌ను వర్డ్‌ప్రెస్ తనే మళ్ళీ పెట్టేసి మెయిల్ పంపుతుంది. పొద్దున్నే సైటు తెరిస్తే తెల్ల స్క్రీన్ కనబడే బెడద చాలావరకు తప్పింది.

అయితే అది చూసేది హోమ్ పేజీని మాత్రమే. సరిగ్గా ఆవకాయ సీజన్‌లో దెబ్బ అక్కడే తగిలింది. రాత్రికి రాత్రి ఆన్‌లైన్ అమ్మకాలు నడిపే ప్లగిన్ వూకామర్స్ కొత్త వెర్షన్ ఎక్కింది. హోమ్ పేజీ బాగుంది, అరకిలో, కిలో ధరలు బాగున్నాయి, సరుకు కార్టులోకీ వెళ్తోంది. ఆర్డర్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఫేటల్ ఎర్రర్ లేదు కాబట్టి మెయిలూ రాలేదు. "డబ్బు కట్టడం అవట్లేదండీ" అని కస్టమర్లు ఫోన్ చేస్తేనే తెలిసింది.

తప్పు డబ్బు పెట్టి కొన్న థీమ్‌ది (సైటు రూపాన్ని ఇచ్చే ఫైళ్లు). వూకామర్స్ టెంప్లేట్ల (పేజీలు ఎలా కనబడాలో చెప్పే ఫైళ్ల) కాపీలు అది తన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. ప్లగిన్ మారినా ఆ కాపీలు మారవు. వూకామర్స్ స్టేటస్ పేజీలో కింద టెంప్లేట్ల దగ్గర ఏ ఫైలు పాతబడిందో వెర్షన్ నంబరుతో సహా చూపిస్తుంది. ఇక్కడ అది చెకౌట్ (డబ్బు కట్టి ఆర్డర్ పెట్టే పేజీ) ఫోల్డర్‌లోని పేమెంట్ ఫైలు. ఫైల్ మేనేజర్‌లో థీమ్ లోపలున్న ఆ కాపీ పేరు మార్చి, క్యాష్ (సైటు దాచుకున్న పాత పేజీల కాపీలు) క్లియర్ చేయగానే ప్లగిన్ సొంత ఫైలు పనిలోకి వచ్చింది. డిజైన్ కాస్త చెదిరింది. ఆర్డర్లు ఆగడం కంటే అదే నయం.

ప్లగిన్‌ను పాత వెర్షన్‌కు దింపడం ఇక్కడ మంచి దారి కాదు. కొత్త వెర్షన్ డేటాబేస్‌ను మార్చి ఉంటే, పాత ఫైళ్లు పెట్టినంత మాత్రాన అది వెనక్కి రాదు. పాత డేటాబేస్ బ్యాకప్ రిస్టోర్ చేస్తే మధ్యలో వచ్చిన ఆర్డర్లు గల్లంతు.

అందుకే ఇప్పుడు ఫారాలు, స్పామ్ ఫిల్టర్ లాంటి చిన్న ప్లగిన్లకే ఆటో ఆన్. వూకామర్స్, పేమెంట్ గేట్‌వే మాత్రం చేత్తోనే: ముందు ఫైళ్లూ డేటాబేసూ బ్యాకప్, తర్వాత అప్‌డేట్, ఆపైన లాగిన్ లేకుండా ఫోన్ నుంచి అన్నిటికంటే చవకైన పొడి ప్యాకెట్‌కు క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ పెట్టి, మెయిల్ వచ్చిందో లేదో చూసి, క్యాన్సిల్ చేయడం. పండగల ముందు, శనివారం రాత్రి ముట్టుకోకపోవడమే మంచిది.

అడ్రసు, టైమింగ్స్, ఫోటోలు మాత్రమే ఉన్న సైటుకు ఇంత తతంగం అక్కర్లేదు, ప్లగిన్లన్నిటికీ ఆన్ చేసుకోవచ్చు. థీమ్ విషయంలో మాత్రం జాగ్రత్త: 6.6లో వచ్చిన ఆ రక్షణ ప్లగిన్లకే, థీమ్‌కు లేదు.