తాతయ్యను ఓడించిన క్విజ్ పెట్టె: కొనబోయేవారికి జాగ్రత్త

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సంక్రాంతికి బరంపురం నుంచి అన్నయ్యవాళ్లు, రాయగడ నుంచి చిన్నాన్నవాళ్లు వస్తున్నారని, అందరం కలిసి ఆడుకుందామని ఆన్‌లైన్‌లో ఒక క్విజ్ పెట్టె తెప్పించాను. 649 రూపాయలు. ‘కమ్‌జోర్ కడీ కౌన్ తరహా ఆట, తెలుగులో’ అని ప్రకటనలో ఉంది. ఆ పేరు చూసే మోసపోయాను. అదే మాట చూసి మీరూ కొనబోతుంటే కాస్త ఆగండి.

ఆ కార్యక్రమం గుర్తులేనివారి కోసం: 2000 దశకం మొదట్లో స్టార్ ప్లస్‌లో నీనా గుప్తా నడిపేవారు. 2000లో బీబీసీలో మొదలైన ‘ది వీకెస్ట్ లింక్’కు హిందీ రూపం అది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగినా మన దగ్గర ఎక్కువ కాలం నిలవలేదు. ఆవిడ కటువు మాటలు అమ్మకు గిట్టేవి కావు. నాన్న మాత్రం కుర్చీ ముందుకు జరుపుకొని మరీ కూర్చునేవారు.

ఆడే పద్ధతిలోనే ఉంది రుచంతా. వరసగా ఒక్కొక్కరికి ఒక ప్రశ్న. సరైన జవాబులు పడుతున్నకొద్దీ సొమ్ము మెట్లెక్కుతుంది. బ్రిటన్ ఆటలో 20 పౌండ్లు, 50, 100, 200 అంటూ తొమ్మిదో జవాబుకు 1000. ఎవరైనా తప్పు చెబితే గొలుసు తెగి, పేరుకున్నదంతా పోతుంది. పోకూడదంటే తన వంతు రాగానే, ప్రశ్న వినకముందే ‘బ్యాంక్’ అనాలి. అప్పుడు సొమ్ము భద్రం, గొలుసు మళ్లీ మొదటి మెట్టు నుంచి. అనాలా, ఇంకొక్క మెట్టు ఆగాలా అని తేల్చుకునేలోగా గడియారం పరుగెడుతుంటుంది, రౌండు రౌండుకూ పది సెకన్లు తగ్గుతూ. రౌండు చివర అందరూ పలకల మీద పేర్లు రాసి ఒకరిని బయటికి పంపుతారు. ఆఖరికి మిగిలిన ఇద్దరికి చెరి ఐదు ప్రశ్నలు. గెలిచినవారికే మొత్తం, తక్కినవారు ఉత్త చేతులతో ఇంటికి.

నా పెట్టెలో గడియారం లేదు. మెట్ల పట్టిక లేదు. నియమాల కాగితంలో ‘బ్యాంక్’ అన్న మాటే లేదు. తప్పు చెప్పినవారు ఒక వంతు వదులుకోవాలట, అంతే. ‘కడీ’ అంటే గొలుసులో లంకె. దాన్ని ఆ మహానుభావులు ‘బలహీనమైన కడియం ఎవరు?’ అని అచ్చువేశారు. చదవగానే మా వదిన తన చేతులు చూసుకుంది.

ఇక కార్డులు. పెట్టె మీద తయారీ గత ఏడాదని ఉంది, లోపల ఉత్తరాంచల్ రాజధాని అడుగుతున్నారు. ఆ రాష్ట్రం పేరు 2007లోనే మారింది. దేశంలో రాష్ట్రాలెన్ని అంటే 28 అట. నిజమే, కానీ 2014లో తెలంగాణతో 29 అయి, 2019లో జమ్ము కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కావడంతో మళ్లీ 28కి వచ్చింది కాబట్టి సరిపోయింది!

‘ఒరిస్సా మొదటి ప్రధానమంత్రి ఎవరు?’ అన్న కార్డు తాతయ్యకు వచ్చింది. (స్వాతంత్ర్యానికి ముందు రాష్ట్రాల్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు.) ఆయన తడుముకోకుండా కృష్ణచంద్ర గజపతి అన్నారు. కార్డు వెనక విశ్వనాథ్ దాస్ అని ఉంది. 1937 ఏప్రిల్‌లో మంత్రివర్గం ఏర్పరచింది మా పర్లాకిమిడి మహారాజే. విశ్వనాథ్ దాస్ వచ్చింది జులైలో. అయినా న్యాయనిర్ణేతగా కూర్చున్న అన్నయ్య కొడుకు ‘కార్డులో ఉన్నదే జవాబు’ అని పట్టుబట్టాడు. పిల్లలందరూ ఓట్లేసి తాతయ్యను బయటికి పంపారు. ఆయన చెప్పులు వేసుకుని కోట వైపు నడకకు వెళ్లిపోయారు. రాత్రి భోజనానికి గానీ రాలేదు.

వెనక్కి తీసుకోమంటే, సీలు విప్పారు కాబట్టి కుదరదని అమ్మకందారు జవాబిచ్చాడు. సీలు విప్పకుండా లోపల గడియారం లేదని నాకెలా తెలుస్తుంది? ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఆ ముక్కే రాసి, అమ్మిన వేదికలోని ఫిర్యాదుల అధికారికి పంపాను. ఫిర్యాదు అందినట్టు వారు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అందినట్టు జవాబైతే వచ్చింది. నెల గడిస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేస్తాను. మీరు ఇప్పటికే కొని ఉంటే పెట్టె, చీటీ పారేయకండి. కొనకపోతే నియమాల కాగితం ఫొటో అడగండి, అందులో ‘బ్యాంక్’ ఉందో లేదో చూడండి.

నిన్న మళ్లీ చూశాను. అదే పెట్టె, అదే వర్ణన. ధర మాత్రం 599కి దిగింది.