నెల్లూరు నుంచి డల్లాస్‌కి: దారి ఎలా ఎంచుకోవాలి?

డల్లాస్‌లో పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లను టికెట్ మీది టైములు తికమక పెడతాయి. తెల్లవారుజామున 4 గంటలకు చెన్నైలో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగుతారని ఉంటే, "12 గంటలేనా!" అంది మా అమ్మ. ఎండాకాలంలో డల్లాస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అదీ కలిపితే ఇరవై రెండున్నర గంటలు.

చెన్నై, డల్లాస్ భూగోళానికి దాదాపు చెరోవైపు ఉన్నాయి. గ్లోబు మీద దారం పట్టి చూస్తే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, సుమారు 14,900 కి.మీ. నేరుగా వెళ్లే విమానం లేదు, మధ్యలో మారాల్సిందే. దుబాయ్ మీదుగా వెళ్లినా, లండన్ మీదుగా వెళ్లినా మొత్తం దూరం ఇంచుమించు 15,850 కి.మీ. అయితే దుబాయ్‌కి నాలుగు గంటలు పోను, అక్కడినుంచి ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవాలి. లండన్ దారిలో సుమారు పదకొండు, ఆ తర్వాత పది.

మేం దుబాయ్ మీదుగా వెళ్లి లండన్ మీదుగా వచ్చాం. ఆ పదహారు గంటలే నాన్నకు కష్టమైంది. మధ్య సీటు కావడంతో పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి లేవకుండా కూర్చున్నారు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. తిరుగు ప్రయాణంలో నడవ పక్క సీటు తీసుకున్నాం. పైగా గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి అటునుంచి వచ్చేటప్పుడు టైము కాస్త తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు టికెట్ కొంచెం ఎక్కువైనా లండన్ దారే నా సలహా. కుర్రాళ్లకైతే ఏదైనా ఒకటే.

వీల్‌చెయిర్‌కి డబ్బులు తీసుకోరు, టికెట్ కొన్నప్పుడే అడగాలి. మారిన ఒకచోట మాత్రం అమ్మానాన్నలను ఓ మూల కూర్చోబెట్టి చాలాసేపు ఎవరూ రాలేదు. బోర్డింగ్ మొదలైపోయింది, ఒకటే టెన్షన్! పెద్దవాళ్లు వెంట ఉంటే మారేచోట కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోండి.

ఇక నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా సుమారు 180 కి.మీ., కారులో నాలుగు గంటలు. రాత్రి భోంచేసి బయలుదేరితే సరిపోతుందని అందరూ అంటారు గానీ, నిద్రలేకుండా విమానం ఎక్కడం పెద్దవాళ్లకు మంచిది కాదు. మేం పొద్దున్నే వెళ్లి పల్లావరంలో రూమ్ తీసుకున్నాం. సాయంత్రం దాకా నిద్రపోయారు, ఆ ఖర్చు దండగ కాలేదు. లిఫ్ట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. మా లాడ్జిలో లేదు, పెట్టెలన్నీ రెండో అంతస్తుకు మోయాల్సి వచ్చింది. సెంట్రల్ దాకా రైల్లో వెళ్లి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులోనే దిగొచ్చు, చవక కూడా. నాలుగు పెద్ద పెట్టెలుంటే మాత్రం ఆ ఆలోచనే వద్దు.

ఆవకాయ చేతిసంచిలో పెట్టుకోకండి, సెక్యూరిటీలో తీసేస్తారు. పెద్ద పెట్టెలో, రెండు కవర్లు గట్టిగా చుట్టి పెట్టండి. అక్కడ దిగాక కస్టమ్స్‌లో తినే సామాను ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. మేం మామిడికాయ పచ్చడి అని చెప్పాం, పంపించేశారు. కోడి, మటన్ పచ్చళ్లు మాత్రం ఇంట్లోనే వదిలేయండి.