బంగాళాఖాతం, అరేబియా సముద్రం: ఏది సారవంతం?

పటంలో రెండూ ఒకే అక్షాంశాల్లో, దేశానికి చెరోపక్క ఉంటాయి. నీటి స్వభావం మాత్రం పూర్తిగా వేరు.

మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలుస్తాయి. ఆవిరయ్యే నీటికన్నా కురిసే వానే ఎక్కువ. అందుకే వానాకాలం తర్వాత ఉత్తర భాగంలో పైనీటి ఉప్పు కిలోకు 30 గ్రాముల లోపుకు పడిపోతుంది. ఈ తేలిక నీరు ఉప్పునీటి మీద మీగడలా పరుచుకుంటుంది. మామూలు గాలికి ఆ పొర చెదరదు. లోతున ఉన్న నైట్రేట్లు, ఫాస్ఫేట్ల వంటి పోషకాలు వెలుతురు దాకా రాలేవు, దాంతో వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కల్లాంటి జీవులు, పెద్దగా పెరగవు. ఇన్ని నదులు ఇంత ఒండ్రు తెచ్చినా నడిసముద్రం పేదగా ఉండటమే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. పైగా ఆ పొర వేడిని పట్టి ఉంచి తుపాన్లకు బలమిస్తుంది.

అరేబియా సముద్రంలో నదినీరు తక్కువ, ఆవిరి ఎక్కువ. ఉప్పు కిలోకు దాదాపు 36 గ్రాములు. నైరుతి గాలులు సొమాలియా, ఒమన్ తీరాల దగ్గర పైనీటిని అవతలికి నెట్టేస్తే, కింది పొరల నుంచి పోషకాలున్న చల్లటి నీరు పైకి వస్తుంది. కేరళ తీరంలోనూ అంతే, అక్కడ కవళ్లు (సార్డిన్ చేపలు) విరివిగా పడటానికి ఇదో పెద్ద కారణం.

అయితే ప్లవకాలు చచ్చి కిందికి దిగి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. రెండు చోట్లా మధ్యలోతుల్లో ఆ కొరత ఉంది, అరేబియాలో మరీ తీవ్రం.

నడిసముద్రం లెక్కలో అరేబియాదే పైచేయి. కోరంగి మడ అడవుల వంటి తీరాలను కలిపి చూస్తే మాత్రం, బంగాళాఖాతాన్ని పేద సముద్రం అనడానికి నాకు మనసొప్పదు.